దండలో దారం – పెర్సియస్ గెలాక్సీ చుట్టూ ఎర్రని పోగులు



ప్రతి ఏడూ ఈ సంచికలో మా పెద్ద తరగతి తరఫున ఒక పాఠం రాయడం మాకు అలవాటు. ఈసారి పాఠం మేము ఎంచుకున్నది కాదు, మా క్లాసులో ఒక పాప ఎంచి ఇచ్చినది. మేము ఇచ్చిన తప్పు జవాబుని సరిదిద్దుకోవడానికి రాస్తున్నది. అది ఎలా జరిగిందో ముందు చెప్తాం.

దీపావళి అయిన తరువాతి వారం "ఆకాశం" అనే పాఠం చెప్తున్నాం. సూర్యుడు, చంద్రుడు, చుక్కలు, పాలపుంత – ఈ మాటలన్నీ పలికించాక, పిల్లలకి కాస్త హుషారుగా ఉంటుందని హబుల్ టెలిస్కోపు తీసిన ఒక ఫోటోని గోడ మీద చూపించాం. మధ్యలో తెల్లగా వెలిగే ఒక గెలాక్సీ. దాని చుట్టూ నలువైపులా, విరబోసుకున్న జుట్టులాగా, సన్నటి ఎర్రని పోగులు.

"మాస్టారూ, ఈ ఎర్ర దారాలు ఎందుకు లోపలికి పడిపోవు?" అని అడిగింది ఆ పాప.

మేము ఏమాత్రం ఆలోచించకుండా, "భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కాబట్టి సూర్యుడిలో పడిపోవడం లేదు కదా, ఇదీ అంతే" అన్నాం.

పాప కాసేపు ఫోటో వంక చూసింది. "తిరిగితే రౌండ్‌గా ఉండాలి కదా? ఇవి స్ట్రెయిట్‌గా ఉన్నాయేంటి?" అంది.

ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. తెలుగులోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు. ఇంతలో పన్నెండు అయింది, స్నాక్స్ టైము వచ్చింది, మేము బతికిపోయాం. కానీ ఇంటికి వెళ్తుంటే కారులో అదే ఆలోచన. పగలంతా కంప్యూటర్లలో తప్పులు వెతికే ఉద్యోగం మాది. మా జవాబులో ఉన్న తప్పుని పదేళ్ళ పిల్ల ఒక్క నిమిషంలో పట్టుకుంది. ఆ వారమంతా రాత్రిళ్ళు కూర్చుని చదివాం. మాకు అర్థమైనంతవరకు ఇక్కడ వరసగా చెప్తాం.

ఆ గెలాక్సీ ఎక్కడుంది?

ఆ ఫోటోలోని గెలాక్సీ పేరు ఎన్.జి.సి. 1275. పెర్సియస్ అనే నక్షత్ర రాశి వైపు కనిపిస్తుంది. మన పెద్దవాళ్ళకి కృత్తికలు తెలుసు కదా, గుంపుగా కనిపించే చిన్న చుక్కలు. పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉండే నెల కనకనే దానికి కార్తీక మాసం అని పేరు. ఆ కృత్తికలకి ఉత్తరంగా, ఇంగ్లీషు డబ్ల్యూ ఆకారంలో ఉండే కాసియోపియాకి ఈవల, పెర్సియస్ ఉంటుంది. నవంబరు రాత్రుల్లో ఈశాన్యం వైపు చూస్తే దొరుకుతుంది. అందులో ఆల్గోల్ అనే చుక్క ఉంది. దాదాపు 2 రోజుల 21 గంటలకి ఒకసారి కొన్ని గంటలపాటు దాని వెలుగు తగ్గి మళ్ళీ పెరుగుతుంది. ఆల్గోల్‌కి తూర్పుగా కొంచెం పక్కనే మన గెలాక్సీ ఉంది. మామూలు కంటికి కనపడదు. వీధి దీపాలు లేని చోట మంచి టెలిస్కోపులో చిన్న మసక మచ్చలా కనిపిస్తుంది.

మన నుంచి దాని దూరం సుమారు 23 కోట్ల కాంతి సంవత్సరాలు. అంటే మనం ఈరోజు చూసే వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు భూమ్మీద డైనోసార్లు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. అది ఒంటరి గెలాక్సీ కాదు. వెయ్యికి పైగా గెలాక్సీలున్న పెర్సియస్ గుచ్ఛానికి నడిమధ్యన, పెళ్ళివారింట్లో ఇంటిపెద్ద కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

క్రియాశీల గెలాక్సీ అంటే?

మన పాలపుంత ఒక ప్రశాంతమైన గెలాక్సీ. దాని మధ్యలో కూడా పెద్ద కృష్ణబిలం ఉంది కానీ ప్రస్తుతానికి దానికి పెద్దగా తిండి లేదు. కొన్ని గెలాక్సీల్లో అలా కాదు. మధ్యలో ఉన్న కృష్ణబిలం మీదికి వాయువు వచ్చి పడుతూనే ఉంటుంది. అలా పడే వాయువు సుళ్ళు తిరుగుతూ, ఒరుసుకుంటూ విపరీతంగా వేడెక్కి వెలుగుతుంది. అలాంటి వాటిని క్రియాశీల గెలాక్సీలు అంటారు.

1943లో కార్ల్ సైఫర్ట్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త, నడిమధ్యన చుక్కలాంటి కాంతి ఉన్న కొన్ని గెలాక్సీల వెలుగుని విడదీసి చూశారు. అక్కడ వాయువు సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్టు తేలింది. ఆయన పట్టికలో మన ఎన్.జి.సి. 1275 కూడా ఉంది. ఇప్పటికీ ఆ జాతిని సైఫర్ట్ గెలాక్సీలు అనే పిలుస్తారు.

కృష్ణబిలం అంటే అన్నీ మింగేస్తుంది అని పిల్లలందరూ చెప్తారు. అది సగం నిజం. దగ్గరికి వచ్చిన వాయువులో కొంత లోపలికి పోతుంది. కొంత మాత్రం రెండు వైపులా సన్నటి ధారలుగా, వెలుగు వేగానికి దగ్గరి వేగంతో బయటికి చిమ్ముకొస్తుంది. ఈ ధారలు తరువాత మన కథలోకి వస్తాయి, గుర్తుపెట్టుకోండి.

ఎర్రని పోగులు

ఈ గెలాక్సీ చుట్టూ పోగులున్నాయని తెలిసి చాలా కాలమే అయింది. హైడ్రోజన్ వాయువు ఒక రకమైన ఎర్రని వెలుగు ఇస్తుంది. ఆ ఒక్క ఎరుపుని మాత్రమే రానిచ్చే ఫిల్టరుతో రోజర్ లిండ్స్ అనే శాస్త్రవేత్త తీసిన ఫోటోలు 1970లో వచ్చాయి. అందులో పోగులు స్పష్టంగానే కనిపించాయి. అయితే ఒక్కో పోగు ఎంత సన్నంగా ఉంటుందో తెలియడానికి హబుల్ కావలసి వచ్చింది. 2006లో హబుల్ తీసిన చిత్రాలని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని ఆండ్రూ ఫేబియన్, ఆయన బృందం పరిశీలించి 2008 ఆగస్టులో నేచర్ పత్రికలో ప్రచురించారు.

వాళ్ళ లెక్క ప్రకారం ఒక పోగు వెడల్పు సుమారు 200 కాంతి సంవత్సరాలు. పొడవు కొన్నిచోట్ల 20,000 కాంతి సంవత్సరాల దాకా. అంటే వెడల్పుకి 100 రెట్లు పొడవు. అమ్మ పాయసం చేసేటప్పుడు ఒక సేమియా పుల్ల తీసి చూడండి. ఒక మిల్లీమీటరు మందం, పది సెంటీమీటర్ల పొడవు ఉంటే సరిగ్గా అదే లెక్క. కాకపోతే ఆ సేమియా పుల్ల ఒక్కొక్కదానిలో మన సూర్యుడి లాంటివి పది లక్షలు తయారయ్యేంత వాయువుంది.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి.

మొదటిది. పోగు చుట్టూ ఉన్న వాయువు వేడి సుమారు 4 కోట్ల డిగ్రీలు. పోగులో వెలిగే వాయువు వేడి సుమారు 10 వేల డిగ్రీలు. దాని లోపల ఇంకా చల్లటి వాయువు కూడా ఉంది. మరుగుతున్న నూనెలో వెన్నపోగు వేస్తే ఎంతసేపుంటుంది? ఈ పోగులు మాత్రం పది కోట్ల సంవత్సరాలకి పైగా ఉన్నట్టు లెక్క.

రెండోది. గెలాక్సీ ఆకర్షణ పోగు రెండు చివర్లనీ ఒకేలా లాగదు. దగ్గరి చివరని గట్టిగా, దూరపు చివరని మెల్లగా లాగుతుంది. అలా లాగితే ఇంత సన్నటి పోగు ఎప్పుడో చెదిరిపోవాలి.

మూడోది. అంత వాయువు ఒకచోట ఉంటే తన బరువుకి తానే కుంగి ముద్దలై నక్షత్రాలుగా మారాలి. అక్కడక్కడ అలా మారింది కూడా. కానీ ఎక్కువ పోగులు పోగులుగానే ఉన్నాయి.

కరగలేదు, చెదరలేదు, ముద్ద కాలేదు. మా పాప అడిగిన ప్రశ్న చిన్నది కాదని అప్పుడు తెలిసింది మాకు.

సూదంటురాయి

జవాబు చెప్పేముందు ఒక మంచి తెలుగు మాట నేర్చుకుందాం. మాగ్నెట్‌ని పుస్తకాల్లో అయస్కాంతం అంటారు. అది సంస్కృతం నుంచి వచ్చింది. మన ఊళ్ళలో దానికి సూదంటురాయి అని పేరు. సూది అంటుకునే రాయి! ఇంత చక్కగా ఇంకెవరు పేరు పెడతారు?

మేము ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో ఒక ప్రయోగం ఉండేది. తెల్లకాగితం మధ్యలో అయస్కాంతం పెట్టి, చిన్న దిక్సూచిని దాని చుట్టూ జరుపుతూ, ముల్లు చూపించిన చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టాలి. చుక్కలు కలిపితే ఒక చివర నుంచి ఇంకో చివరకి వంపు తిరిగిన గీతలు వచ్చేవి. వాటినే బలరేఖలు అంటారు. మార్కుల కోసం రికార్డులో అందంగా గీశాం, సంతకం పెట్టించుకున్నాం, మరిచిపోయాం. ఆ గీతలకి నిజంగా ఒక పని ఉందని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా మేము వినలేదో!

పని ఏమిటంటే ఇది. బాగా వేడెక్కిన వాయువులో అణువులు చితికి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అప్పుడు వాయువులో ఉండేవి విద్యుదావేశం ఉన్న కణాలు. దానినే ప్లాస్మా అంటారు. ఆవేశం ఉన్న కణం అయస్కాంత బలరేఖని అడ్డంగా దాటలేదు. దాటబోతే పక్కకి మళ్ళుతుంది, మళ్ళీ మళ్ళుతుంది, చివరికి రేఖ చుట్టూ చుట్టలు తిరుగుతూ దాని వెంటే పోతుంది. పెరట్లో కాకర పాదుకి తాడు కట్టామనుకోండి. తీగ ఆ తాడు చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది కానీ తాడు వదిలి గాలిలోకి పోదు కదా. ఇక్కడ బలరేఖ తాడు, కణం తిరిగే దారి కాకర తీగ.

ఇక మన పోగు దగ్గరికి రండి. పోగు పొడవునా అయస్కాంత బలరేఖలు ఉన్నాయనుకుందాం. బయటి వేడి వాయువులోని ఎలక్ట్రాన్లు లోపలికి రావాలంటే రేఖల్ని అడ్డంగా దాటాలి. దాటలేవు. కాబట్టి వేడి లోపలికి సులభంగా రాదు, పోగు కరగదు. పోగులోని కణాలు పక్కలకి పోవాలన్నా అదే అడ్డు, కాబట్టి పోగు చెదరదు. బలరేఖలకి ఇంకో గుణం ఉంది. సాగదీసిన రబ్బరు బ్యాండులాగా బిగువుగా ఉంటాయి. పెరట్లో బట్టలారేసే తాడు బిగువుగా ఉంటే తడి దుప్పటి వేసినా నేలకి తగలదు. అలాగే అడ్డంగా ఉన్న పోగుల బరువుని ఆ బిగువు మోస్తుంది. వాయువు తనలోకి తాను కుంగిపోకుండా కూడా అయస్కాంత క్షేత్రం లోపలి నుంచి తోస్తూ ఉంటుంది.

దీనికి ఎంత బలమైన అయస్కాంతం కావాలి? ఇది చదివినప్పుడు మేము నమ్మలేకపోయాం. ఫేబియన్ బృందం లెక్కలో వచ్చిన బలం, దిక్సూచి ముల్లుని తిప్పే మన భూమి అయస్కాంత బలంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే. అంత బలహీనమైనది ఎలా సరిపోతుంది? ఎందుకంటే అక్కడి వాయువు చాలా చాలా పలచన. పోగు బయట ఉన్న వేడి వాయువుని ఒక లీటరు సీసాలో పట్టి తెస్తే అందులో ఉండే కణాలు పదుల్లోనే. అదే సీసాలో మన గది గాలి పడితే ఒకటి పక్కన ఇరవై రెండు సున్నాలు పెట్టినన్ని అణువులు ఉంటాయి. మోయవలసినది అంత తేలిక కాబట్టి సన్నటి దారమే చాలు.

తరువాతి ఆదివారం క్లాసులో మొట్టమొదట చెప్పిన మాట, "పోయిన వారం మేము చెప్పింది తప్పు." పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరువాత పూలదండ చూపించాం. ఆ రోజు ఎవరో సరస్వతీ దేవి పటానికి వేసిన దండ. "పూలు కనిపిస్తున్నాయి. దారం కనిపిస్తోందా? దారం లేకపోతే దండ ఉంటుందా?" అని అడిగాం. పాఠం బాగా కుదిరింది అనుకునేలోపల అదే పాప మళ్ళీ చెయ్యెత్తింది.

"కనపడకపోతే, ఉందని మీకెలా తెలుసు?"

కనపడనిది ఉందని ఎలా తెలుసు?

ఈసారి తయారుగా వెళ్ళాం. దీనికి మూడు జవాబులు ఉన్నాయి. మూడూ ఒక్కలాంటివి కావు.

ఒకటి, కనపడేదాని ప్రవర్తన చూసి ఊహించడం. గాలి కనపడదు, కానీ చెట్టు ఊగితే గాలి ఉందంటాం. పోగులు సన్నగా, తిన్నగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. వేరే ఏ కారణంతోనూ అలా ఉండటం కుదరడం లేదు. కాబట్టి అయస్కాంత క్షేత్రం ఉండాలి అని 2008 పరిశోధన చెప్పింది. అది బలమైన వాదనే. కానీ పోగులోపలి క్షేత్రాన్ని నేరుగా కొలిచింది కాదు, లెక్కగట్టింది. ఈ తేడా పిల్లలకి చెప్పి తీరాలని మా అభిప్రాయం.

రెండోది, వెలుగు వంపు. వెలుగు ఒక తరంగం. తాడుని పైకీ కిందికీ ఊపితే అల ఒకలా, పక్కలకి ఊపితే ఇంకోలా పోతుంది కదా. వెలుగు కూడా ఏదో ఒక దిశలో ఊగుతుంది. ఎక్కువగా ఒకే దిశలో ఊగే వెలుగుని ధ్రువణ కాంతి అంటారు. అయస్కాంత రేఖల చుట్టూ వేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు ఇచ్చే వెలుగు ఇలా ఉంటుంది. అది ఎటు ఊగుతోందో కొలిస్తే రేఖలు ఎటు ఉన్నాయో తెలుస్తుంది.

దీనికి గొప్ప ఉదాహరణ వేరే గెలాక్సీలో ఉంది. ఎం87 అనే క్రియాశీల గెలాక్సీ మన నుంచి సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని కృష్ణబిలం చుట్టూ ఉన్న వెలుగు వలయం ఫోటో 2019 ఏప్రిల్ 10న విడుదలైంది. నారింజ రంగు గారెలా ఉందని మన పిల్లలన్న ఫోటో అదే. 2021 మార్చిలో అదే ఫోటోని ధ్రువణ కాంతిలో విడుదల చేశారు. వలయం మీద సుడి తిరిగిన గీతలు కనిపించాయి. ఆ గీతల నుంచి అక్కడి అయస్కాంత బలం 1 నుంచి 30 గాస్ మధ్య ఉంటుందని అంచనా వేశారు. మన భూమిది సుమారు అర గాస్. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ అయస్కాంతం కూడా కృష్ణబిలం దగ్గరి క్షేత్రం కంటే బలమైనదే! కానీ ఫ్రిజ్ బొమ్మ బలం వేలెడంత దూరంలోనే అయిపోతుంది. కృష్ణబిలం దగ్గరిది మన సౌరకుటుంబం అంత మేర పరుచుకుని ఉంది. గెలాక్సీ బయటిదాకా పోయే ధారని నడిపించేది అదే అని శాస్త్రవేత్తల అభిప్రాయం.

మూడోది, వెలుగు మెలిక. 1845లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే, ధ్రువణ కాంతిని ఒక బరువైన గాజు ముక్క గుండా పంపి, పక్కన అయస్కాంతం పెట్టి చూశారు. వెలుగు ఊగే దిశ కొంచెం తిరిగిపోయింది! పుస్తకాలు బైండు చేసే కొట్లో పనివాడిగా మొదలై, లెక్కలు పెద్దగా రాకుండానే అంతటి శాస్త్రవేత్త అయిన మనిషి ఆయన. బలరేఖల ఆలోచన కూడా ఆయనదే. రేడియో తరంగాలు అయస్కాంత క్షేత్రం ఉన్న ప్లాస్మా గుండా వచ్చినా ఇలాగే మెలిక పడతాయి. పొడవైన తరంగం ఎక్కువ, పొట్టి తరంగం తక్కువ మెలిక పడుతుంది. రెండిటినీ పోల్చి దారిలో ఎంత క్షేత్రం ఉందో లెక్క వేస్తారు. ఎన్.జి.సి. 1275 నడిబొడ్డు నుంచి వచ్చే రేడియో తరంగాల్లో ఇలాంటి పెద్ద మెలికని కొలిచి 2006లో ప్రచురించారు. 1845లో బల్ల మీద గాజు ముక్కతో చేసిన ప్రయోగం 23 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి పనికొచ్చింది.

సెలవులకి పూణె వైపు వెళ్ళేవారు ఉంటే, అక్కడికి దగ్గరలో ఖోదాద్ అనే ఊరి చుట్టుపక్కల 30 పెద్ద రేడియో డిష్‌లు ఉన్నాయి. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు. క్రియాశీల గెలాక్సీల నుంచి వచ్చే రేడియో తరంగాలని పట్టేవాటిలో అవీ ఉన్నాయి. దూరం నుంచి చూసినా పిల్లలకి గుర్తుండిపోతుంది.

పోగులు అక్కడికి ఎలా వచ్చాయి?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ధారలు ఇప్పుడు వస్తున్నాయి. కృష్ణబిలం నుంచి చిమ్మే ధారలు చుట్టూ ఉన్న వేడి వాయువుని తోసి పెద్ద బుడగలు చేస్తాయి. మరిగే నీళ్ళలో బుడగల్లాగా అవి మెల్లగా పైకి తేలుతాయి. తేలుతూ తమ వెనక చల్లటి వాయువుని ఈడ్చుకుపోతాయి. గరిటెతో పాకం పైకెత్తితే తీగ సాగినట్టు, ఆ వాయువు పోగులుగా సాగుతుంది. దానితోపాటే బలరేఖలూ సాగుతాయి. ఒక బుడగ కింద గుర్రపునాడా ఆకారంలో వంగిన పోగు ఉండటం దీనికి మంచి సాక్ష్యం. మా పాప "స్ట్రెయిట్‌గా ఉన్నాయేంటి" అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. అవి చుట్టూ తిరిగే పోగులు కావు, లోపలి నుంచి బయటికి లాగిన పోగులు.

ఆ బుడగలు చుట్టూ ఉన్న వాయువులో అలలు కూడా లేపుతాయి. చంద్రా అనే ఎక్స్ కిరణాల టెలిస్కోపుతో ఆ అలలని చూసినట్టు ఫేబియన్ బృందం 2003లో ప్రకటించింది. అన్నట్టు ఆ టెలిస్కోపుకి ఆ పేరు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి జ్ఞాపకార్థం పెట్టినది. వాయువులో అల అంటే శబ్దమే కదా. ఒక అలకీ ఇంకో అలకీ మధ్య సుమారు కోటి సంవత్సరాలు. పియానో నేర్చుకునే పిల్లల కోసం చెప్తున్నాం, అది బి ఫ్లాట్ స్వరం, పియానో మధ్యలో ఉండే సి కంటే 57 స్థాయిలు కింద. మీ పియానో మొత్తం కలిపితే ఏడు స్థాయిలకి కొంచెం ఎక్కువ. 2022లో నాసా దానిని మన చెవికి అందేంత పైకి పెంచి వినిపించింది.

ఈ కథలో మా వృత్తివాళ్ళు తప్పక తెలుసుకోవలసిన ఒక భాగం ఉంది. జపాన్ 2016 ఫిబ్రవరి 17న హితోమి అనే ఉపగ్రహాన్ని పంపింది. హితోమి అంటే కంటిపాప అని అర్థం. అది మొదట్లోనే చూసినవాటిలో పెర్సియస్ గుచ్ఛం ఒకటి. మార్చి 26న అది అదుపు తప్పి గిరగిరా తిరిగి ముక్కలైంది. తను తిరగకపోయినా తిరుగుతున్నానని అది పొరబడింది. దాన్ని ఆపవలసిన చిన్న ఇంజన్లకి పంపిన అంకెలు తప్పు. ఆ అంకెలని సరిగా పరీక్షించకుండానే పైకి పంపారు. ఎన్నో ఏళ్ళ కష్టం నెలన్నర లోపలే పోయింది. కానీ పోయేలోపల అది కొలిచిన ఒక్క సంఖ్య మిగిలింది. పెర్సియస్ నడిమధ్య వేడి వాయువు అల్లకల్లోలం సెకనుకి సుమారు 164 కిలోమీటర్లు మాత్రమే. వినడానికి ఎక్కువ అనిపించినా అంత వేడి వాయువుకి అది ప్రశాంతమే. కృష్ణబిలం పక్కనే చిందులు వేస్తున్నా, చుట్టూ వాయువు మరీ చిలికినట్టు లేదు. అంత సన్నటి పోగులు అంతకాలం ఎలా నిలిచాయన్న దానికి ఇది కూడా పనికొచ్చే సంగతే. ఆ పనిని కొనసాగించడానికి 2023 సెప్టెంబరులో క్రిజమ్ అనే కొత్త ఉపగ్రహం వెళ్ళింది.

ఇంకా తేలనివి

అన్నీ తెలిసిపోయాయని అనుకోవద్దు. బలరేఖని అడ్డంగా దాటడం కష్టం కానీ దాని వెంట జారడం సులభం. మరి నిలువుగా ఉన్న పోగుల్లో వాయువు ఎంత కిందికి జారుతోంది, ఎంత పైకి పోతోంది? కొన్నిచోట్ల రెండూ కలిసి ఉన్నాయి. అసలు ఇంత పెద్ద అంతరిక్షంలో మొట్టమొదటి అయస్కాంత క్షేత్రం ఎక్కడి నుంచి వచ్చింది? దీని మీద పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. మన పిల్లల్లో ఎవరైనా తేల్చేస్తే ఆ జవాబుని ముందు ఈ సంచికలో తెలుగులో రాయాలని మా షరతు.

ఇంట్లో చేసి చూడండి

1. ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పార్కులో ఇసుకలో తిప్పండి. చాలాచోట్ల సంచికి నల్లటి రజను అంటుకుంటుంది. అయస్కాంతం బయటికి తీస్తే రజను రాలిపోతుంది, కాగితంలో దాచుకోండి. ఇంటికొచ్చి అయస్కాంతం మీద తెల్ల కాగితం పరచి, రజను చల్లి, కాగితాన్ని వేలితో మెల్లగా తట్టండి. రజను పోగులుపోగులుగా నిలబడుతుంది. కనపడని రేఖలు కనపడతాయి.

2. నాన్నగారి పోలరాయిడ్ నల్ల కళ్ళద్దాలు అడిగి తీసుకోండి. లాప్‌టాప్ తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక దిశలో తెర నల్లగా మారుతుంది. తెర వెలుగు ఒకే దిశలో ఊగుతోందన్నమాట. అదే ధ్రువణం.

అమ్మానాన్నలకి ఒక మాట. చిన్న గుండ్రటి అయస్కాంతాలని పసిపిల్లలకి దూరంగా ఉంచండి. మింగితే చాలా ప్రమాదం. క్రెడిట్ కార్డులకి కూడా దూరంగానే ఉంచండి.

నేర్చుకోవలసిన మాటలు

సూదంటురాయి – ఇనుముని ఆకర్షించే రాయి, అయస్కాంతం.
బలరేఖ – అయస్కాంత బలం ఎటు పనిచేస్తుందో చూపే గీత.
పోగు – సన్నటి దారం లేదా పీచు.
గుచ్ఛం – గుత్తి. పూలగుచ్ఛం, గెలాక్సీల గుచ్ఛం.
కృష్ణబిలం – వెలుగు కూడా బయటికి రాలేని చోటు. కృష్ణ అంటే నలుపు, బిలం అంటే గుహ.
కాంతి సంవత్సరం – వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం. ఇది కాలం కాదు, దూరం!

ప్రశ్నలు

1. ఎర్రని పోగులు ఎందుకు కరగడం లేదు? మీ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి.
2. "కొలవడం", "లెక్కగట్టడం" – ఈ రెండిటికీ తేడా ఏమిటి? ఒక్కొక్కదానికి ఈ పాఠం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
3. కనపడకపోయినా ఉందని మీకు తెలిసిన ఒక వస్తువు పేరు చెప్పండి. ఎలా తెలుసో కూడా చెప్పండి.

మూడో ప్రశ్నకి మా క్లాసులో వచ్చిన జవాబులు గాలి, కరెంటు, వైఫై. ఒక బాబు మాత్రం "వంటింట్లో అమ్మ పోపు వేస్తోందని పైన గదిలోకే తెలుస్తుంది" అన్నాడు. దానికీ పూర్తి మార్కులు వేశాం.

మా తప్పుని పట్టుకున్న పాప ఈ ఏడు ఇంకో ప్రశ్న సిద్ధంగా పెట్టుకుందని వాళ్ళ అమ్మగారు చెప్పారు. ఏమిటో ఇంకా మాకు తెలియదు. నవంబరులో మబ్బు లేని ఒక శనివారం రాత్రి బడి పార్కింగు స్థలంలో టెలిస్కోపు పెట్టి పెర్సియస్‌ని వెతుకుదాం. మందపాటి కోట్లు, ఫ్లాస్కులో వేడి టీ తెచ్చుకోండి. ఎర్రని పోగులు కనపడవు, ముందే చెప్తున్నాం. మబ్బు పట్టకపోతే ఆ మసక మచ్చ కనిపించవచ్చు. కనిపిస్తే పోగులు ఎక్కడున్నాయో మీరే మీ అమ్మమ్మకి వేలు పెట్టి చూపించండి.